బస్తా జొన్నల అర్జీ

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ మా తాత కురుమూర్తిని మించిన నాయకుడు పుట్టలేదు. ఇకముందు పుట్టబోడు. ఆయన ఒక్కసారి గొంతు సవరించుకుంటే గద్వాల కోట దర్వాజా దానంతట అదే తెరుచుకునేది. తువ్వాలు దులిపితే మబ్బులు గట్టు దాటి రాయచూరు దిక్కు పారిపోయేవి. దేశాలేలే పెద్దలు ఆయన సలహా లేక ఎంతో నష్టపోయారు. పాపం, గద్వాలకు వచ్చే తోవ తెలియక అడగలేకపోయారంతే.

ఇలాగే సాగదీస్తే ఆయన కర్ర వెతుక్కుంటాడు గనుక కొంచెం తగ్గించి చెప్పుకోవాలి. నిజానికి ఆయన గొంతు సవరించుకుంటే మా అవ్వ జోగమ్మ "మిరియాల నీళ్లు కాయాల్నా?" అని అడిగేది. అంతకుమించి ఏ దర్వాజా తెరుచుకునేది కాదు. అయితే గొంతు పెద్దదన్న మాట మాత్రం అబద్ధం కాదు. కురుమూర్తి సాలెల కులపెద్ద అయ్యింది ఆ గొంతు వల్లనే.

గద్వాల నడిబొడ్డున, కోట దర్వాజాకు రెండు వీధుల ఇవతల, పడుగు చావడి అని ఒక పాత రాతి కట్టడం ఉండేది. ముప్పై గజాల పొడవు, ఆరు గజాల వెడల్పు. రెండు పక్కలా వరసగా కొయ్య కటకటాలు బిగించిన కమాన్లు, పైన పెంకుల కప్పు. ఏ కాలంలో ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు. అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రాజు పేరు చెప్పి ఒట్టు పెట్టేవారు. అది గుడి కాదు, సత్రం కాదు. సాలెలు పడుగులు చాపుకోవడానికి కట్టింది.

పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే నూలు. మగ్గానికి ఎక్కించకముందు దాన్ని బారుగా చాపి, జొన్న గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, పోగుకు పోగు అంటకుండా ఆరబెట్టాలి. గంజి సరిగా ఆరకపోతే నూలు బూజు పడుతుంది. బూజు పట్టిన పోగు మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. ఎండాకాలం వీధిలోనే చాపుకోవచ్చు. వానాకాలం నాలుగు నెలలు మాత్రం అరవై మగ్గాల బతుకు ఆ చావడి కప్పు కిందికి వచ్చి చేరేది. కప్పు వాన ఆపాలి, కమాన్లు గాలి ఇవ్వాలి. ఆ రెండూ ఉంటేనే గంజి ఆరేది, అది ఆరితేనే పొయ్యి రాజేది.

అందుకని సాలెవీధి కొట్లాటల్లో సగం చావడి వంతుల గురించే. ఎవరి పడుగు ఏ రోజు, ఎవరిది ముందు, ఎవరిది వెనక. వంతులు చెప్పేదీ, తాళంచెవి దాచేదీ కులపెద్ద. 1933లో పాత కులపెద్ద పోయాడు. ఆ పదవి నాదంటే నాదని ఇద్దరు పట్టుబట్టారు. మూడు రోజులు పంచాయితీ నడిచింది. మూడోనాడు నూలు కండెలు చుట్టి బతికే ముసలి రాధమ్మకు విసుగొచ్చింది.

"మీ ఇద్దరి మాట పక్కింటికి గూడ ఇనరాదు," అన్నది. "వానల వంతు పిలిస్తే వీధి కొసకున్న మా ఇంటికి ఇనపడాలె. ఆ కురుమూర్తిని పెట్టుండ్రి. వాడు తుమ్మితే మా మేక పలుపు తెంపుకుంటది."

అందరూ నవ్వారు. నవ్వు ఆగేసరికి కురుమూర్తి కులపెద్ద అయిపోయాడు. ఒక్క ఆయనే నవ్వలేదు. అప్పటికి ముప్పై అయిదేళ్లు ఆయనకు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎన్నడూ నడవనంత మెల్లగా నడిచి ఇంటికి పోయాడు.

"నన్ను పెద్దను జేసిన్రే," అన్నాడు జోగమ్మతో.

"ఇన్న. చావడి మెట్లూడ్సే పని గూడ పెద్దదేనంట. చీపురు తీస్కపో."

ఆయన చీపురు తీసుకునే పోయాడు. అక్కడ మొదలైంది ఆయన నాయకత్వం. వంతు దాటించి ఎవరికీ మేలు చేయలేదు. తన పడుగును అందరికంటే చివర చాపేవాడు. బావమరిది మార్కండేయ ఒకసారి "అక్క మొగడివై గూడ ఏం ఫాయిదా లేదు బావా" అని అలిగి వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం కూడా మార్కండేయ వంతు వచ్చిన నాడు ఆయన వీధి మధ్య నిలబడి అందరికీ పిలిచినట్టే పిలిచాడు.

ఆయనకు ఉన్నది ఒకటే చెడ్డ అలవాటు. ఏ లెక్కా ఉన్నంత చెప్పలేడు. ఇద్దరు చుట్టాలొస్తే బండెడు మంది దిగారనేవాడు. ఇంట్లో ఎలుక కనపడితే మంద అనేవాడు. మోసం చేద్దామని కాదు. చిన్న సంఖ్య చెప్పాలంటే ఆయనకు నోట్లో ఉప్పులేని కూడు పెట్టుకున్నట్టు ఉండేది. సాలెవీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఆయన యాభై అంటే పది అని వినేవారు. బయటివాళ్లకు అలా వినడం తెలియదు.

1938 ఎండాకాలంలో చావడి నడిదూలాన్ని చెదలు తిన్నాయి. కప్పు కుంగింది. అంత పొడుగు మాను గద్వాల చుట్టుపక్కల దొరకదు. అమ్రాబాద్ అడవి అంచున దొరుకుతుందని విని, కురుమూర్తి, మార్కండేయ రెండు బండ్లు కట్టుకుని బయల్దేరారు. వనపర్తి దాటి, నాగర్‌కర్నూల్ మీదుగా పోయి, అడవి కచేరీలో చీటీ రాయించుకుని, మాను కొట్టించి, తిరిగి వచ్చేసరికి ఇరవై రెండు రోజులు పట్టింది. కురుమూర్తి లెక్కలో అది మూడు నెలలు.

తిరుగు ప్రయాణంలో నాగర్‌కర్నూల్ సంతలో ఒక రైతు బండి ఆపాడు.

"యాడికన్నా గింత మొద్దు?"

"గద్వాలకు. మా చావడికి."

"ఎంత పెద్ద చావడేంది?"

"ఈ కొసకు నిలబడ్డోడు ఆ కొసకున్నోనికి కనపడడు," అన్నాడు కురుమూర్తి.

మార్కండేయ గడ్డిమోపు వెనక మొహం దాచుకున్నాడు. బండి ఊరు దాటాక మెల్లగా అడిగాడు. "బావా, నిజంగ కనపడడా?"

"పొగమంచుంటే కనపడడు."

"గద్వాలల పొగమంచు యాడ జూసినవ్?"

"నువ్వు ఎడ్లను జూడు."

బీచుపల్లి దగ్గర దూలాన్ని రెండు పుట్టి పడవల నడుమ కట్టి కృష్ణ దాటించారు. నడినీళ్లలో ఒక పుట్టి గిర్రున తిరిగింది. ఈత రాని కురుమూర్తి దూలాన్ని కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. ఒడ్డుకు చేరినా వదల్లేదు.

"బావా, ఒడ్డొచ్చింది, ఇడువు," అన్నాడు మార్కండేయ. "ఇంకోదాన్ని తోలుకొస్తున్నడని అక్కకు చెప్త."

మృగశిర కార్తెకు ముందే కప్పు లేచింది. ఇంటికొకరు వచ్చి పనిచేశారు. ఆడవాళ్లు సున్నం మోశారు. తొలి వాన పడిన నాడు కురుమూర్తి చావడి నడుమ బాసింపట్టు వేసుకుని, రెండు అరచేతులూ చాచి కూచున్నాడు, ఎక్కడైనా చుక్క రాలుతుందేమోనని. వాన వెలిసేదాకా కదల్లేదు. చేతులు పొడిగానే ఉన్నాయి. అంత సంతోషంగా ఆయన్ను మళ్లీ ఎన్నడూ చూడలేదని మా అవ్వ చెబుతుంది. పెళ్లినాడు కూడా అంత సంతోషం లేదట.

ఆ తర్వాత ఆరేళ్లు కప్పు కారలేదు. ఆ కారకపోవడమే కొంప ముంచింది.

యుద్ధం ఎక్కడో జరుగుతోంది. గద్వాలలో గుండు పడలేదు కానీ, నూలు దొరకడం తగ్గింది, గింజలు దొరకడం తగ్గింది. రైతులు పండించిన దాంట్లో కొంత సర్కారుకు కొలవాలని లెవీ పెట్టారు. కొలిచిన గింజలు నిలవ చేయడానికి ఊరి నడుమ తడి తగలని పెద్ద కట్టడం కావాలి. 1944 మాఘమాసంలో లెవీ అధికారి ఒకాయన ఊరంతా తిరిగాడు. చూసిన సత్రాల కప్పులు కారుతున్నాయి, బంగళాల గోడలు చెమ్మగా ఉన్నాయి. తిరిగి తిరిగి పడుగు చావడికి వచ్చాడు.

ఎండాకాలం వస్తున్నది కదా, చావడి ఖాళీగా ఉంది. రెండు కుక్కలు పడుకున్నాయి. కురుమూర్తి మెట్లు ఊడుస్తున్నాడు. అధికారి తల ఎత్తి కప్పును చూశాడు. తన కప్పును ఒకరు తల ఎత్తి చూస్తే కురుమూర్తి ఊరుకోగలడా?

"ఆరేండ్లాయె సారూ, ఒక్క చుక్క కారలే," అన్నాడు చీపురు చంకలో పెట్టుకుని. "అమ్రాబాద్ దూలం. ఏనుగునెక్కించినా ఒంగదు. ఎన్ని వానలొచ్చినా లోపల అగ్గిపెట్టె తడవదు."

అధికారి తల ఊపి కాగితం మీద రాసుకున్నాడు. కురుమూర్తి ఇంటికి పోయి చెప్పాడు. "మన కప్పు సంగతి సారు కాగితం మీద రాసుకున్నడే జోగమ్మా!"

ఎనిమిదో నాడు నోటీసు వచ్చింది. ఖాళీగా ఉన్న, గట్టి కప్పుగల సదరు చావడిని గింజల గోదాముకు తీసుకుంటున్నామనీ, అభ్యంతరం ఉన్నవారు పదిహేను రోజుల్లో రుజువుతో అర్జీ పెట్టుకోవచ్చుననీ.

అర్జీలు రాసిపెట్టేది మిషన్ బడి పంతులు సామ్యూల్. నెమ్మదైన మనిషి. కలం ముంచే ముందు కూడా ఆలోచిస్తాడు. కురుమూర్తి ఇంటి అరుగు మీదికి వచ్చి కూచుని కాగితం పరిచాడు.

"ఏం రాయాలె పెద్దాయనా?"

"చావడి మాది అని రాయి."

"కాగితం ఉన్నదా మీ తాన?"

"కాగితమెందుకు? రాళ్లున్నయి గద."

"రాళ్లను అర్జీకి జతపరచరాదు. ఉన్నదున్నట్టు రాద్దాం. వానకాలం నాలుగు నెలలు చావడి లేకుంటే నేత నడవది అని."

కురుమూర్తి తల అడ్డంగా ఊపాడు. "నాలుగు నెలలంటే ఎనిమిది నెలలు ఖాళీ అని ఒప్పుకున్నట్టే గద పంతులూ. ఏడాది పొడుగూత రోజుకు పన్నెండు పడుగులు చాపుతం అని రాయి."

సామ్యూల్ కలం ఆపాడు. వానాకాలంలో కూడా రోజుకు రెండు పడుగులు ఆరితే గొప్ప. ఆ సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు.

"పన్నెండా?"

"పన్నెండు. అయినా పడుగులంటే ఆయనకేం దెలుస్తది? ఆయన గింజల సారు. గింజలల్ల చెప్తే తెలుస్తది. గంజికి రోజుకు బస్తా జొన్నలు పడ్తయని రాయి. అప్పుడెరుకైతది, ఎంత పెద్ద కార్ఖానానో."

"మూడు శేర్లు," అన్నది జోగమ్మ గడపలోంచి. "గది గూడ నీళ్ల గంజి."

"నువ్వు కండెలు సుట్టుకోపోవే."

"పెద్దాయనా, ఊరంత ఆకలి మీదున్నది," అన్నాడు సామ్యూల్. "గిప్పుడు బస్తా జొన్నల మాట ఎందుకు?"

"రాయి పంతులూ. తక్కువ జెప్తే తక్కువోళ్లమని తీస్కపోతరు."

సామ్యూల్ రాశాడు. కురుమూర్తి సంతకం నేర్చుకున్నవాడు. అర్జీ కింద ఆయన పేరు అర్జీలోని అక్షరాలకంటే నాలుగింతలు పెద్దగా కూచుంది.

అర్జీ చదివిన అధికారి, వచ్చే సోమవారం తానే వచ్చి చూస్తానని కబురు పంపాడు. ఇక వీధి అంతా పరుగులు. ఎండాకాలంలో చావడిలో పన్నెండు పడుగులు ఎక్కడినుంచి వస్తాయి? మంచివి రెండు దొరికాయి. మిగతావి చిక్కుపడ్డ పాత నూలూ, తెగిన పోగుల కట్టలూ. ముడులు కనపడకుండా ఆడవాళ్లు మెల్లగా చాపారు. మూడు పెద్ద కాగులు పొయ్యి మీదికి ఎక్కాయి. వాటిలో గంజి కాయాలంటే గింజలు కావాలి. కురుమూర్తి ఇల్లిల్లూ తిరిగి, తినడానికి దాచుకున్న జొన్నల్లోంచి గుప్పెడు గుప్పెడు అడిగి తెచ్చాడు. మార్కండేయ ఇంట్లో కుండ దులిపితే రెండు గుప్పెళ్లు వచ్చాయి. "పాప కడుపుకు ఇన్ని జొన్నలు మిగల్చుండ్రి" అన్నది మార్కండేయ భార్య నీలవేణి. కురుమూర్తి ఒక గుప్పెడు తిరిగి కుండలో వేశాడు.

సోమవారం పొద్దున అధికారి వచ్చాడు. మూడు కాగుల్లో గంజి కుతకుతమంటోంది. ఆ వాసన నాలుగు వీధులకు పాకింది. అధికారి చావడిలో ఆ కొసనుంచి ఈ కొసకు నడిచాడు. కాగు దగ్గర ఆగాడు.

"ఇదంత జొన్న గంజేనా?"

"తెల్ల జొన్నలు సారూ!" అన్నాడు కురుమూర్తి. "పురుగన్నది లేని గింజ. గిసుంటి గంజి పడితేనే మా చీరకు ఆ నిగనిగ."

"అర్జీల రాసినట్టు రోజుకు బస్తానా?"

"బస్తా. పండుగల ముందరైతే బస్తన్నర."

పక్కనున్న సామ్యూల్ కళ్లు మూసుకున్నాడు. అధికారి గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ జనం చేరారు. సాలెలు కాదు. ముసలివాళ్లు, పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లు, చేతుల్లో సత్తు గిన్నెలు, ముంతలు.

"వీళ్లెవరు?"

ముందున్న ఒక ముసలమ్మే చెప్పింది. "గంజి పోస్తున్నరంటె వచ్చినం సారూ."

అధికారి ఆ గిన్నెలకేసి చూశాడు. తర్వాత కురుమూర్తి వైపు తిరిగాడు. కోపంగా కూడా మాట్లాడలేదు.

"నిన్న గట్టు ఊర్ల ఒక రైతు ఇంట్ల రెండు కుంచాల జొన్నలు కొలిపిచ్చుకొచ్చిన. ఆయన పెండ్లాం నా కాళ్ల మీద పడ్డది. నువ్వు రోజుకు బస్తా దారానికి పూస్తున్నవా?"

కురుమూర్తికి అప్పుడు తెలిసింది. తన అర్జీ తన కళ్లముందు తిరగబడి నిలబడింది.

"బస్తా గాదు సారూ," అన్నాడు.

"మరెంత?"

"మూడు శేర్లు."

"పడుగులు పన్నెండు గాదా?"

"రెండు."

"ఏడాది పొడుగూత?"

"వానకాలం నాలుగు నెలలు."

"అంటే మిగిలిన ఎనిమిది నెలలు కుక్కలు పండుకుంటయి." అధికారి అర్జీని మడిచి చేతిలో పట్టుకున్నాడు. "పెద్దమనిషీ, బస్తా నిజమైతే గింజలు పాడు జేస్తున్నవని తీసుకుంట. మూడు శేర్లు నిజమైతే ఖాళీగున్నదని తీసుకుంట. ఏది రాసుకోమంటవో నువ్వే చెప్పు."

అరవై ఇళ్ల వాళ్లు చూస్తున్నారు. వాళ్లకు ఆయన అయిదింతలు చెబుతాడని తెలుసు గనుక ఆయన్ను తిట్టాలని కూడా తోచలేదు. చిక్కు నూలు పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి.

"వానల మా పడుగులు యాడ చాపుకోవాలె సారూ?" అన్నాడు చివరికి. ఆ మాట మొదటే అర్జీలో రాయించి ఉండాల్సింది. పక్కన నిలబడ్డ మార్కండేయకే సరిగా వినపడలేదు.

అధికారి వెళ్లిపోయాడు. జోగమ్మ ఎవరినీ అడగలేదు. పెద్ద చెంబు తీసుకుని కాగు దగ్గరికి పోయి, గుమ్మంలో ఉన్న గిన్నెలన్నిటికీ పోసింది. ఉప్పు లేదు. ఎవరూ ఉప్పు అడగలేదు.

ఫాల్గుణంలో చావడిలోకి గింజల బస్తాలు వచ్చాయి. జొన్నను నూలుకు వాడకూడదని హుకుం కూడా వచ్చింది. ఆ హుకుం సామ్యూల్ పంతులు రాసిన అర్జీని ఉదహరించింది. చింతగింజల పొడితో గంజి కాచుకున్నారు. అది ఆరితే కర్రలా బిగుసుకునేది, ఆరకపోతే జిగురుగా అంటుకునేది. వేసవి ఎలాగో గడిచింది.

ఆషాఢంలో మార్కండేయకు ఎన్నాళ్లకో మంచి సన్న నూలు దొరికింది. వనపర్తిలో ఒక పెళ్లికి మూడు చీరలు నేయాలి. ఆ మూడు చీరలు దిగితే ఇంట్లో మూడు నెలలు తిండి. పొద్దున ఎండ కాసింది. పడుగు వీధిలో చాపారు. గంజి పట్టించి సగం దువ్వేసరికి మబ్బు పట్టింది. ఎనిమిది మంది పడుగును భుజాల మీదికి ఎత్తుకుని, తాడులా పట్టుకుని, అలవాటు కొద్దీ చావడి వైపు పరుగెత్తారు. ముందు కురుమూర్తి. చావడి తలుపుకు సర్కారు తాళం. కటకటాల వెనక బస్తాలు కప్పుదాకా. కావలి జవాను సామ్యూల్ పంతులు దగ్గర చదువుకున్నవాడే, ప్రభుదాసు.

"జర లోపలికి రానియ్ ప్రభుదాసూ, వాన ఆగినంక పోతం," అన్నాడు కురుమూర్తి.

"తాళంచెవి నా తాన లేదు పెద్దాయనా. నీ తోడు. ఉంటే ఇయ్యనా?"

వాన దిగింది. ఎనిమిది మంది వానలో ఆ పడుగును అలాగే మోస్తూ నిలబడ్డారు. దించడానికి చోటు లేదు. గంజి కారి చేతుల మీదుగా తెల్లగా పోయింది. పోగులు ఒకదానికొకటి అతుక్కుని, ముప్పై గజాల నూలు ఒక్క ముద్దయింది. మార్కండేయ ఏడవలేదు, బావను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కురుమూర్తికి అనిపించింది.

నెల తిరగకుండా మార్కండేయ, నీలవేణి, పాప షోలాపూరు రైలెక్కారు. అక్కడి మిల్లుల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారని ఎవరో చెప్పారు. కురుమూర్తి స్టేషన్‌దాకా మూట మోశాడు.

"మిల్లుల కప్పుంటది బావా," అన్నాడు మార్కండేయ కిటికీలోంచి. ఎగతాళికి అన్నాడో, ఓదార్పుకు అన్నాడో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"ఎప్పుడొస్తవ్?"

"అక్కను మంచిగ సూస్కో."

ఆ తర్వాత ఒక్కో వానాకాలం కొన్ని ఇళ్లు తీసుకుపోయింది. షోలాపూరు, భివండి, బొంబాయి. కులపెద్దగా కురుమూర్తికి మిగిలిన పని ఒక్కటే, స్టేషన్‌కు మూటలు మోయడం. వంతులు చెప్పే పని లేదు. కొట్లాటలు లేవు. ఇద్దరు కొట్లాడుకుంటే బాగుండునని ఆయన అరుగు మీద కూచుని ఎదురుచూసేవాడని అవ్వ చెబుతుంది. రాధమ్మ ఒకనాడు ఆయన ముచ్చట తీర్చడానికి జోగమ్మతో కండెల గురించి దొంగ జగడం పెట్టుకుంది. కానీ నడుమ ఇద్దరికీ నవ్వు వచ్చి పాడుచేశారు.

ఆయన మళ్లీ అర్జీలు పెట్టాడు. ఈసారి మూడు శేర్లు, రెండు పడుగులు, నాలుగు నెలలు అనే రాయించాడు. జవాబు రాలేదు. మరో అర్జీ పెట్టాడు. అయిదేళ్లలో తొమ్మిది పెట్టాడు. తొమ్మిదే. ఈ లెక్క ఆయన పెంచి చెప్పింది కాదు, సామ్యూల్ పంతులు చెప్పింది.

1948లో రాజ్యం మారింది. మరుసటి ఏడు గింజలు వేరే చోటికి పోయాయి. ఒక ఎండాకాలపు పొద్దున ఎవరో తాళంచెవి తెచ్చి అరుగు మీద పెట్టి, వేలిముద్ర చాలదు సంతకమే కావాలన్నారు. కురుమూర్తి చిన్నగా సంతకం పెట్టాడు.

తలుపు తెరిస్తే లోపల చీకటి. గింజలకు దొంగల భయం ఉంటుందని నడుమ ఏళ్లలో కమాన్లన్నీ ఇటుకలు పేర్చి మూసేశారు. కప్పు చెక్కుచెదరలేదు. నేల నిండా పురుగు పట్టిన పొట్టు. గాలి ఆడని చోట గంజి ఆరదు. ఆయన గునపం తెచ్చుకుని ఒక్కడే ఇటుకలు పీకడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకు రెండు కమాన్లు తెరుచుకున్నాయి. అయిదో రోజు నడుము పట్టేసింది.

వానలు పడ్డాక చావడిలో ఒక పడుగు చాపారు. ముప్పై గజాల పడుగు బిగించి పట్టి దువ్వాలంటే ఆరుగురు కావాలి. వీధిలో మిగిలినవి పదకొండు మగ్గాలు, వాటి ముందు కూచునేవాళ్లు ముసలివాళ్లు. చావడికి వచ్చింది నలుగురు. కురుమూర్తి, జోగమ్మ, రాధమ్మ, పాత మనిషి బుచ్చన్న. రాధమ్మకు చేయి వణుకు. బుచ్చన్నకు చూపు ఆనదు. పడుగు నడుమ జారి నేలను తాకింది. ఎత్తారు. మళ్లీ జారింది. పొట్టు అంటుకున్న పోగులను ఏరుతూ మధ్యాహ్నం దాకా కూచున్నారు.

"ఇద్దరు తక్కువైన్రు," అన్నాడు బుచ్చన్న.

కురుమూర్తి ఎవరూ అడగకుండానే ఉన్న లెక్క చెప్పాడు. "నలభై తొమ్మిది ఇండ్లు తక్కువైనయి."

ఆ ఏడే షోలాపూరు నుంచి గంజి పెట్టి ఆరబెట్టిన పడుగులు చుట్టలు చుట్టలుగా రైల్లో దిగడం మొదలైంది. పదకొండు మగ్గాలకు అవి చాలు. చాపే పని లేదు, దువ్వే పని లేదు, కప్పు అక్కర్లేదు. చావడికి మళ్లీ తాళం పడింది. ఈసారి తాళం కురుమూర్తిదే. ఆయన్ను కులపెద్ద పదవినుంచి ఎవరూ దించలేదు. దించాలంటే పంచాయితీ కూడాలి. కూడేటంత మంది లేరు.

రాసిన ఈ సంగతులన్నీ మగ్గం పక్కన కూచుని ఆయనకు చదివి వినిపించడమైంది. దూలాన్ని కావలించుకున్న ముక్క దగ్గర "అబద్ధం" అన్నాడు. అవ్వ "నిజం" అన్నది. అర్జీ ముక్క వచ్చేసరికి చదవడం ఆగిపోయింది. "తాతా, ఈ బస్తా జొన్నల మాట తీసేద్దామా? అది రాయించకున్నా చావడిని వదిలిపెడ్తుండిరా ఏంది?" అని అడిగితే, ఆయన చేతిలోని పని ఆపి, కళ్లలోకి చూసి అన్నాడు.

"రాయియ్యకున్నా గుంజుకుంటుండిరి. కానీ రాయిచ్చింది నేను. ఆ ముక్క దాసిపెట్టి రాసినవనుకో, చెయ్యి ఇరగ్గొడ్త."